కుస్కుస్‌లో ఇసుక

కళ్ళజోడు పెట్టుకుంటే తన ముక్కు పొడుగ్గా కనిపిస్తుందని హైకల్‌కి అనుమానం. పెట్టుకోకపోతే ఆ ముక్కు ముందు ఏముందో అతనికి కనిపించదు. రెండింటిలో ఏది మేలో ఎన్నేళ్ళయినా తేల్చుకోలేక, ట్యూనిస్‌లో ఉన్నన్నాళ్ళూ పెట్టుకునేవాడు, వేసవి సెలవులకి సముద్రం ఒడ్డుకి రాగానే తీసి జేబులో పెట్టేవాడు. పోనీ ఏ బట్టల కొట్టో, కిరాణా కొట్టో నడిపేవాడైనా సరిపెట్టుకోవచ్చు. అతను అమ్మేది కళ్ళజోళ్ళు. అక్కడి బాబ్ సువైకా పేటలో తండ్రి ఇచ్చిన దుకాణంలో కూచుని, వచ్చిన ప్రతివాళ్ళకీ అద్దం చూపించి, "ఈ ఫ్రేముతో మీ ముఖానికే కళ వచ్చింది" అని చెప్పేవాడు. అందరూ నమ్మేవారు, అతనొక్కడు తప్ప.

ఆ ఆగస్టులో మహ్దియా పాత ఊళ్ళో ఖాల్తీ మన్నూబియా ఇంటి పై వాటా అద్దెకి తీసుకున్నాడు. ఖాల్తీ అంటే పిన్ని. ఆ వీధిలో ఆవిడ అందరికీ పిన్నే, ఆవిడకంటే పెద్దవాళ్ళకి కూడా. వచ్చిన మర్నాడు పొద్దున్నే సముద్రంలో మునిగి, ఒంటినిండా ఇసుకతో, భుజాన తువ్వాలుతో డాబా ఎక్కాడు. డాబా అంతా తెల్లగా మెరిసిపోతోంది. కొత్తగా సున్నం కొట్టించారు కాబోలు అనుకున్నాడు. గాలివాటం చూసుకుని, అద్దె కట్టిన మగాడి దర్జాతో తువ్వాలు రెండు చేతులా పట్టుకుని ఫటాఫటా దులిపాడు.

"ఆగండి," అని వినిపించింది.

ఆగాడు గానీ, అప్పటికి తువ్వాల్లో ఇసుక మిగల్లేదు.

డాబా అవతలి మూల ఒక నీలం మరక కదిలింది. దాని మీద పసుప్పచ్చటి చుక్క. నీలం గౌను, గడ్డిటోపీ అయి ఉంటాయని ఊహించుకున్నాడు.

"మీ కాళ్ళ దగ్గర ఏముందో చూశారా?"

"దుప్పట్లు," అన్నాడు కళ్ళు చికిలించి, అది సున్నం కాదని అప్పుడే తెలిసి.

"దుప్పట్ల మీద?"

వంగాడు. ఇంకాస్త వంగాడు. చివరికి మోకాళ్ళ మీద కూలబడి, నేలకి ముక్కు ఆనిస్తే గానీ కొంప మునిగిన సంగతి తెలియలేదు. దుప్పట్ల నిండా కుస్కుస్. ఆ ఇంటి ఆడవాళ్ళు గోధుమరవ్వ మీద నీళ్ళు చిలకరించి, అరచేతులతో గింజగింజా చుట్టి, జల్లించి, ఆవిరి పట్టి, ఎండబోసుకున్న ఏడాది తిండి.

"కళ్ళు నెత్తికెక్కాయా మీకు?" అంది నీలం మరక.

ఆ గొంతులో అరుపు లేదు. ఒక్కో మాటా కడిగి ఆరబెట్టినట్టు శుభ్రంగా వచ్చి చెవిలో పడింది. తిట్లు తిన్న మనిషన్నవాడు సిగ్గుపడాలి. హైకల్ మాత్రం, ఈ గొంతు ఇంకోసారి తిడితే బావుండునని అనుకున్నాడు. అతని బుద్ధి గడ్డి తినడం ఆ క్షణంలోనే మొదలైంది.

కేకలేమీ లేకపోయినా ఖాల్తీ మన్నూబియాకి విషయం తెలిసిపోయింది. ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, చిటికెడు గింజలు నోట్లో వేసుకుని నమిలింది. కరకరమన్న చప్పుడు హైకల్‌కి కూడా వినిపించింది. బజారులో మంచి రకం కుస్కుస్ పొట్లాలు ఎన్ని కావాలంటే అన్ని తెచ్చిస్తానని అతను గబగబా అన్నాడు. అది ఇంకా పెద్ద తప్పు. ఆ ఇంట్లో ఎవరూ పొట్లం కుస్కుస్ తిని ఎరగరు.

"మళ్ళీ చుడతాం," అంది ఖాల్తీ. "నువ్వూ చుడతావు నాయనా."

మహ్దియాలో మగాడు చేపలు పడతాడు, వలలు అల్లుతాడు, కాఫీకొట్లో కూచుని ప్రపంచాన్ని సరిదిద్దుతాడు. కుస్కుస్ చుట్టడు. మూడోనాటికి వీధంతా తెలిసిపోయింది. రేవు నుంచి వచ్చే జాలరి ఒకతను రోజూ గుమ్మం ముందు ఆగి, "ఇవాళ ఎంత చుట్టావు వదినా?" అని పరామర్శించి మరీ వెళ్ళేవాడు. హైకల్ లోపల్నుంచి పళ్ళికిలించేవాడు. ఆ నవ్వు తనకే వెర్రినవ్వులా వినిపించేది. అయినా ఆ వాకిట్లోంచి లేచి వెళ్ళమంటే మాత్రం ససేమిరా వెళ్ళేవాడు కాదు.

ఎందుకంటే నీలం మరక పేరు ఇన్సాఫ్. ఖాల్తీకి ఒక్కత్తే కూతురు. రైల్వేస్టేషన్లో టికెట్లిస్తుంది, మైకులో రైళ్ళ వేళలు చెబుతుంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి హైకల్ రోజూ సాయంత్రం స్టేషన్‌కి పోయి బెంచీ మీద కూచునేవాడు. ఏ బండికని ఎవరైనా అడిగితే, రాబోయేదానికి అనేవాడు. వచ్చిన బండి వెళ్ళిపోయేది. అతను అక్కడే ఉండేవాడు, మొనస్తీర్ మీదుగా సూస్ వెళ్ళు ప్రయాణికుల్ని ఆ గొంతు ఇంకోసారి పిలుస్తుందేమోనని.

డ్యూటీ లేనప్పుడు ఇన్సాఫ్ కూడా వాకిట్లో పెద్ద చెక్కతొట్టి ముందు కూచునేది. మధ్యలో రవ్వ, అటు తల్లి, పక్కన ఆవిడ చెల్లెలు బయ్యా పిన్ని, ఇటు ఇన్సాఫ్, ఎదురుగా మన పెద్దమనిషి. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆమె ఉంది. ముఖం మాత్రం తెల్లవారుజామున మంచులో ఊరిలా ఉంది. జేబులో కళ్ళజోడుంది. తీసి పెట్టుకుంటే ఆ మంచు ఒక్క క్షణంలో విడిపోతుంది. చెయ్యి జేబులోకి వెళ్ళేది, ముక్కు గుర్తొచ్చేది, చెయ్యి ఖాళీగా బయటికి వచ్చేది. ముందు తను నచ్చాలి, తరవాత తీరిగ్గా చూసుకోవచ్చు అని సర్దిచెప్పుకునేవాడు. అంత తెలివైనవాడు మరి.

"గింజ చిన్నగా ఉండాలి," అనేది ఇన్సాఫ్.

"చిన్నగానే ఉందిగా."

"అది ఆలివ్ కాయ."

చూపు ఆనని మనిషి చుట్టిన గింజలు ఎలా ఉంటాయి? జల్లెడలోంచి ఒక్కటీ దిగేది కాదు. ఖాల్తీ వాటిని వేళ్ళతో పైకెత్తి చూసి, ఇది కుస్కుస్ కాదు, మహమ్సా అని తేల్చేసింది. మహమ్సా అంటే మిరియాలంత గింజ. చలికాలం వాన పడేటప్పుడు ఎండు ఆక్టోపస్ ముక్కలేసి పులుసులా వండుకుంటారు. పారెయ్యడానికి మనసొప్పక, అతను చుట్టిందంతా వేరే జాడీలో పోసి మూత బిగించింది. రోజూ సముద్రంలోంచి నేరుగా తొట్టి దగ్గరికి వచ్చేవాడు కనక, గోళ్ళ సందుల్లోని ఇసుక కూడా అందులోకే చేరింది.

ఒకనాడు బయ్యా పిన్ని, ఇంతకీ ట్యూనిస్‌లో ఏం పని చేస్తావు బాబూ అని అడిగింది. కళ్ళజోళ్ళు అమ్ముతానన్నాడు. ఆ ముక్కతో ఆపితే కథ వేరేలా ఉండేది. ఇన్సాఫ్‌ని మెప్పించాలని నాలుక దురద పెట్టింది.

"అమ్ముతాను గానీ, మనలో మాట. కళ్ళజోడు పెట్టిన ముఖం కిటికీ చువ్వల వెనక ముఖంలా ఉంటుందండీ. ఎంత అందమైనా జైల్లో ఉన్నట్టే. మీకా బాధ లేదు, అదృష్టవంతులు."

బయ్యా పిన్నికి పొలమారింది. ఖాల్తీ జల్లెడ ఆడించడం ఆపేసింది. ఇన్సాఫ్ తల వంచి రవ్వ చుట్టుకుంటూ పోయింది. చమత్కారం బాగా పేలిందని హైకల్ ఆ పూటంతా ఉబ్బిపోయాడు.

మర్నాడు ఇన్సాఫే అతన్ని లైట్‌హౌస్ దాకా నడుద్దాం రమ్మంది. బుర్జ్ అనే పాత కోట దాటి, సముద్రానికి ముఖం పెట్టి పడుకున్న తెల్లటి సమాధుల పక్కనుంచి నడిచారు. ఆమె చిన్నప్పటి కబుర్లు చెప్పింది. రైళ్ళంటే ఇష్టమట, ఎక్కి ఎక్కడికీ వెళ్ళాలని లేదట, వెళ్ళేవాళ్ళకి దారి చెప్పడం బావుంటుందట. హైకల్ తన దుకాణం గురించీ, పేపరు చదువుతూ జోడు నుదుటి మీదికి నెట్టుకుని, అదెక్కడుందో ఇల్లంతా వెతికే తండ్రి గురించీ చెప్పాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు వినడానికి అతను చచ్చిపోయిన తాతల్ని కూడా లేపి కబుర్లు చెప్పడానికి సిద్ధమయ్యాడు.

"ఆ పడవ మీద ఏం రాసుందో చదువు," అంది ఉన్నట్టుండి, నీళ్ళలోకి చెయ్యి చూపించి.

పడవ కనిపిస్తే కదా. పడవలకి సాధారణంగా ఏ పేర్లు పెడతారో గుర్తు చేసుకున్నాడు.

"నసీబ్," అన్నాడు ధీమాగా.

ఆమె ఊఁ అంది. అంతే. వెనక్కి వచ్చే దారంతా మాటలు తగ్గాయి. పేరులోనే అదృష్టం ఉందని ఆమె మురిసిపోతోందనుకున్నాడు మన హైకల్.

సెలవులు అయిపోవచ్చాయి. మనసులో మాట చెప్పకుండా బండెక్కితే తనని తాను క్షమించుకోలేడు. ఆఖరి సాయంత్రం, పొద్దు ఇళ్ళ వెనక్కి జారుతున్న వేళ, తలకి నీళ్ళు రాసి దువ్వుకుని డాబా ఎక్కాడు. నీలం మరక అక్కడే ఉంది. పసుప్పచ్చ చుక్కతో సహా. తీగ మీద బట్టలు తీస్తోంది. గొంతు పెగుల్చుకున్నాడు. ఆమె తిరిగి చూసింది గానీ పలకలేదు. సిగ్గు, అనుకున్నాడు.

"ఇన్సాఫ్, నన్ను మధ్యలో ఆపకు. ఆపితే మళ్ళీ చెప్పలేను. నువ్వు తిట్టిన మొదటిరోజే నేను అయిపోయాను. ఇంతవరకూ నేను ఏ బండీ ఎక్కకుండా స్టేషన్‌కి ఎందుకొస్తున్నానో నీకు తెలిసే ఉంటుంది. నిన్ను పెళ్ళి చేసుకోవాలని ఉంది. మీ అమ్మగారంటేనే భయం. ఆవిడ రవ్వ పిసుకుతుంటే నన్నే పిసుకుతున్నట్టుంటుంది. ఆవిణ్ణి నువ్వే ఎలాగోలా ఒప్పించాలి. నీ కళ్ళలోకి చూస్తుంటే నాకు..."

నీలం మరక నోట్లోంచి బట్టల క్లిప్పులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకుంది.

"నా కళ్ళలోకి తరవాత చూద్దువు గానీ," అంది ఖాల్తీ మన్నూబియా, "ముందు ఆ తువ్వాలు తొక్కకుండా పక్కకి జరుగు నాయనా."

 కూతురి గౌను, కూతురి టోపీ. బట్టలు తీయడానికి చేతికందినవి వేసుకొచ్చిందట. నేల చీలి లోపలికి పోతే బావుండుననుకున్నాడు. నేల ఆ మర్యాద చెయ్యలేదు. పైగా మెట్ల వైపు చిన్న అలికిడైంది. స్టేషన్ నుంచి అప్పుడే వచ్చిన ఇన్సాఫ్, బట్టల బుట్టతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలీదు.

ఖాల్తీ బుట్ట అందుకుని, వీళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, కిందికి దిగిపోయింది.

"మా అమ్మకీ నాకూ తేడా తెలీలేదు నీకు," అంది ఇన్సాఫ్.

"పొద్దు గుంకుతోంది కదా, వెలుతురు సరిగ్గా లేక..."

"లైట్‌హౌస్ దగ్గర మిట్టమధ్యాహ్నం. అక్కడ పడవే లేదు హైకల్. ఖాళీ నీళ్ళు చూపించాను. జేబులో ఏముందో కూడా నాకు తెలుసు. రోజుకి పదిసార్లు తడుముకుంటావు." ఆమె గొంతు మొదటిసారి వణికింది. "నా ముఖం ఎలా ఉంటుందో చెప్పు."

చెప్పలేకపోయాడు. అందంగా అన్నాడు. వెన్నెల్లా అన్నాడు. తనకే అసహ్యమేసి ఊరుకున్నాడు.

"నీ ముఖం నాకు నచ్చాలని నా ముఖం చూడ్డం మానేశావు. ఇన్నాళ్ళూ ఎదురుగా కూచున్నాను, ఒక్కసారి చూడాలనిపించలేదా? మంచివాడివే. నవ్వొచ్చేలా మాట్లాడతావు. నాకు నచ్చావు కూడా, అందుకే ఇంత కోపం. కానీ నిన్ను చేసుకుంటే జీవితమంతా నేను నీకు నీలం మరకనే. వెళ్ళిపో."

వెళ్ళిపోయాడు. మర్నాడు స్టేషన్లో మైకు ఎప్పటిలాగే ప్రయాణికుల్ని పిలిచింది. బండి కదలబోతుండగా ఇంకో మాట కలిపింది: ప్రయాణికులు తమ సామాన్లు, కళ్ళజోళ్ళు మర్చిపోకుండా చూసుకోవలెను. పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. హైకల్ జేబులోంచి జోడు తీసి పెట్టుకున్నాడు. అప్పటికి ప్లాట్‌ఫాం వెనక్కి పోయింది, గోడ మాత్రం చాలా స్పష్టంగా కనిపించింది.

దుకాణంలో ఆ శరదృతువంతా అతను ఎవరికీ "కళ వచ్చింది" అని చెప్పలేకపోయాడు. జోడు పెట్టుకునే తిరిగాడు, పెట్టుకునే భోంచేశాడు, ఒకసారి పెట్టుకునే నిద్రపోయి వంచేసుకున్నాడు. తల్లి సాదియాకి అనుమానం వచ్చి నిలదీస్తే అంతా చెప్పేశాడు. ఆవిడ కొడుకుని ఓదార్చాల్సింది పోయి, పొట్ట పట్టుకుని నవ్వింది. క్లిప్పుల దగ్గర ఇంకోసారి చెప్పమంది. అతను ఫోన్ చెయ్యాలని ఎన్నిసార్లో అనుకున్నాడు. ఏ ముఖం పెట్టుకుని చేస్తాడు?

జనవరిలో, ట్యూనిస్ వీధులు వానకి కాలవలైన రోజున, ఖాల్తీ మన్నూబియాయే ఫోన్ చేసింది.

"మీ అమ్మని తీసుకుని ఆదివారం భోజనానికి రా నాయనా. ఇన్సాఫ్ పిలవమందనుకుంటావేమో, అది నోరే విప్పలేదు. చలికాలం వచ్చిన దగ్గర్నుంచి నీ మహమ్సా వండుదామంటున్నాను, జాడీ మూత తియ్యనివ్వడం లేదు. ఇంకా వాన బాగా పడలేదంటుంది. మొన్న వీధిలో పడవలు తిరిగాయి, ఇంకా పడలేదంటుంది. నాకూ వయసైపోతోంది, ఈ జాడీకి కాపలా కాయలేను."

ఆదివారం మహ్దియా స్టేషన్లో దిగేసరికి మైకులో ఎవరో మగగొంతు. హైకల్ ప్లాట్‌ఫాం అంతా కలయజూశాడు. తను వస్తున్నాడని తెలిసి ఎక్కడికైనా వెళ్ళిపోయిందేమో. వేసవిలో కిటకిటలాడే వీధిలో ఒక్క మనిషి లేడు, తలుపులన్నీ మూసి ఉన్నాయి, సముద్రం బూడిదరంగులో రొద పెడుతోంది. గొడుగు తల్లికి పట్టి, తను నిలువునా తడిసి, తలుపు తట్టాడు.

తలుపు తీసింది ఇన్సాఫ్. కళ్ళజోడు మీద వాన కారిపోతోంది. మళ్ళీ మరకే కనిపించింది. కంగారుగా జోడు తీసి చొక్కాకి తుడిచాడు, చొక్కా ఇంకా తడి. తల్లి తన రుమాలు అందించింది. తుడుచుకుని, పెట్టుకుని, తలెత్తాడు.

ఇన్సాఫ్ కళ్ళకి జోడుంది. ఫ్రేము లేనిది, సన్నటిది, చెవుల పక్క రెండు వెండి తీగలు తప్ప కనిపించనిది. తన దుకాణంలో అలాంటివి ఎన్ని అమ్మాడో లెక్కలేదు. కిటికీ చువ్వలు, జైలు, అదృష్టవంతులు అని తను వాగిన వాగుడంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. బయ్యా పిన్నికి ఎందుకు పొలమారిందో ఇప్పుడు అర్థమైంది. తలకొట్టేసినట్టయింది.

"చిన్నప్పట్నుంచీ ఉందా?" అన్నాడు. అంతకంటే మంచి మాట దొరకలేదు.

"ఆరేళ్ళప్పట్నుంచి."

"నా అంతటి గాడిదని ఎప్పుడైనా చూశావా?"

"చూశాను," అంది. "నాకు బాగా కనిపిస్తుంది కదా."

ఆ గొంతులో నవ్వు దాక్కుని ఉంది. ఈసారి ఆ నవ్వు ముఖంలో ఎక్కడ దాక్కుంటుందో కూడా చూశాడు, ఎడమ బుగ్గ మీద, నోటికి కాస్త పైన. అది చూడకుండా ఒక వేసవంతా పారేసుకున్నానే అని అతనికి ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఆ మాట చెప్పేశాడు. ఆమె పక్కకి జరిగి, లోపలికి రండి అత్తయ్యా అని అతని తల్లి చెయ్యి పట్టుకుంది.

డ్యూటీ మార్చుకుందట. పొద్దున్నే లేచి జాడీ మూత తనే తీసిందట. ఖాల్తీ ఈ సంగతులు సాదియా చెవిలో చెబుతున్నట్టే, అందరికీ వినపడేలా చెప్పింది.

పెద్ద గిన్నె బల్ల మధ్యలోకి వచ్చింది. మూత తీయగానే ఆవిరి గుప్పుమని లేచి, హైకల్ కళ్ళజోడు తెల్లగా మూసుకుపోయింది. పాత అలవాటు చొప్పున చెయ్యి జోడు మీదికి పోయింది.

"తీయకు," అంది ఇన్సాఫ్. "అదే పోతుంది. నాదీ అలాగే ఉంది."

ఇద్దరూ ఎదురెదురుగా, తెల్లటి అద్దాలు పెట్టుకుని, ఎవరికెవరూ కనపడకుండా కూచున్నారు. తల్లులిద్దరూ వాళ్ళని చూసి, ఒకరినొకరు చూసుకున్నారు. సాదియా మర్యాదగా మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. కరకరమంది. కాసేపు ఓర్చుకుని, చాలా రుచిగా ఉంది వదినగారూ, కొంచెం ఇసుక తగిలినట్టుంది అంది.

"మీదేనండీ," అంది ఖాల్తీ. "ఆగస్టులో మీ అబ్బాయి తెచ్చి పెట్టాడు. ఈ ఇంటికి సారె ముందే వచ్చేసిందనుకుని, మేమే జాగ్రత్తగా దాచాం."

ఆవిరి మెల్లగా విడింది. ముందు గిన్నె కనిపించింది, తరవాత ఎదురుగా రెండు చేతులు, తరవాత ఆ ముఖం. హైకల్ ఈసారి తొందరపడకుండా చూశాడు. ఇన్సాఫ్ ముక్కు కూడా పొడుగే. జోడు వల్ల కాదు, నిజంగానే పొడుగు. అంత చక్కటి ముక్కు తన జన్మలో చూడలేదనిపించి, ఆ మాట తల్లులిద్దరి ముందే అనేశాడు.

"ఇప్పటికి చూశావా," అని ఇన్సాఫ్ అతని పళ్ళెంలో ఇంకో గరిటె వడ్డించింది. అతను ఇసుకతో సహా ఒక్క గింజ మిగల్చకుండా తిన్నాడు.